ముందు దాన్ని చూడమన్న పైడి

కొండలకి ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండ కింద పల్లెలో, సన్యాసమ్మ అనే తల్లికి ఇద్దరు కూతుళ్లు. పెద్దది పైడి. చిన్నది సీతాలు, అక్కని అప్పా అని పిలిచేది.

పైడి పుట్టినప్పుడే పెదవులు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. పిల్ల గుండెలో పుట్టుకతోనే లోపం ఉందని మంత్రసాని చెప్పింది. నాలుగడుగులేస్తే ఆయాసం. గొంతుక్కూర్చుంటే కాస్త నెమ్మది. నడవడం, కూర్చోవడం, మళ్లీ నడవడం. అలాగే పెరిగింది పైడి.

సీతాలు పరిగెత్తేది. పైడికి కుళ్లు పుట్టేది. సీతాలు చెట్లెక్కేది. పైడికి కుళ్లు పుట్టేది. సీతాలు ఈడు పిల్లలతో కొండమీది ఊటకి నీళ్లకెళ్లి, నవ్వుకుంటూ దిగేది. అప్పుడైతే ఆ కుళ్లు కడుపులో మంటయ్యేది. ఒకసారి చెల్లెలి కడవ కావాలనే పగలగొట్టింది. జబ్బుపిల్లని ఎవరేమంటారు? దారిలో పెట్టావని దెబ్బలు సీతాలుకే పడ్డాయి.

అంత నవ్వు అక్కడేముందో చూడాలని ఒకనాడు పైడి ఒంటరిగా కొండెక్కింది. నడిచింది, కూర్చుంది, మళ్లీ నడిచింది. పొద్దున్న బయల్దేరితే ఊట చేరేసరికి పొద్దు వాలింది.

అక్కడ నవ్వు లేదు. తోటి పిల్లలు దిగిపోయారు. సీతాలు ఒక్కతే రాతిమీద కూర్చుని, మోకాలి నెత్తురు కడుక్కుంటూ ఏడుస్తోంది. ఇంటికి రాకుండా ఇక్కడేం చేస్తున్నావని పైడి అడిగింది.

“వచ్చి ఎవరికి చూపించాలప్పా? అమ్మ కళ్లు ఎప్పుడూ నీమీదే. ఆ జబ్బేదో నాకొచ్చినా బాగుణ్ణని రోజూ అనుకుంటాను.”

పైడికి ఒళ్లు మండింది. ఊపిరాడని ఈ గుండె మీద కూడా ఒకరికి కుళ్లా? కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ మోకాలు చూసి ఆగింది. పక్కనే గొంతుక్కూర్చుని, పరికిణీ అంచు చింపి కట్టు కట్టింది.

ఆయాసంతో నీలంగా మారిపోయిన అప్పని సీతాలు వీపున మోసుకుని కుంటుతూ దిగింది. గుమ్మంలో తల్లి ఏడుస్తూ పైడిని పొదువుకోవడానికి చేతులు చాపింది. పైడి ఆ చేతులు పక్కకి తోసింది.

“ముందు దాన్ని చూడవే అమ్మా” అంది.

తల్లి కట్టు విప్పి చూసింది. కొత్త గాయం చుట్టూ, తనకి తెలియని పాత మచ్చలు చాలా ఉన్నాయి.

ఆ తర్వాతా పైడికి కుళ్లు పోలేదు. తల్లి సీతాలు తల దువ్వుతుంటే మొహం తిప్పుకునేది. కానీ తల్లి మరిచిననాడు దువ్వెన తెచ్చిచ్చేది పైడే. పెళ్లీడు రాకుండానే పైడి పోయింది.

ఆ కొండ కింద పల్లెల్లో ఇప్పటికీ, జబ్బుబిడ్డని చూడబోయినవాళ్లు ముందు ఆ బిడ్డ తోబుట్టువుని పిలుస్తారు. దగ్గర కూర్చోబెట్టుకుని, తల నిమిరి, నువ్వెలా ఉన్నావని అడుగుతారు. ఇదేం పద్ధతని పరాయివాళ్లంటే, పైడి చెప్పింది అంటారు.