తలపాగా కట్టిన బేరిచెట్టు

"కుసుమా, ఒసే కుసుమా, ఇటొచ్చి నోరు తెరువు" అని రెడ్డెమ్మ కేకేసింది.

నర్సరీలో బంతిమొక్కల దగ్గర నిలబడి ఎటో చూస్తూ ఏదో అనుకుంటున్న కుసుమ ఉలిక్కిపడి, పరుగున వచ్చి నోరు తెరిచింది. అత్త ఆ నోట్లో ఒక పుల్ల పెట్టింది.

"నములు. తియ్యగుందో వగరుగుందో చెప్పు."

అది బేరిమొక్క కొస. చలికాలం కదా, బేరిమొక్కలన్నీ ఆకులు రాల్చేసి ఒట్టి పుల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. వేళ్ళు ఆరిపోకుండా తడిమట్టి పెట్టి, గోనెపట్టా చుట్టి, పురికొసతో కట్టారు. ఆ వరసలో అప్పటికే తొమ్మిది మొక్కలకు తలలు లేవు.

కుసుమ బుద్ధిగా నమిలి, "చేదుగుంది అత్తా" అంది.

"అయితే ఈ రకం మనకొద్దు" అన్నాడు మామ చెంగప్ప, నోట్లో పుల్ల ఉమ్మేసి.

చలిమిట్ట ఊళ్ళో చెంగప్ప ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఊరివాళ్ళకు తెలీదు గానీ చెంగప్ప ఇంటివాళ్ళకు బాగా తెలుసు. "జనం కళ్ళతో కొంటారు, అందుకే మోసపోతారు. మనం నాలుకతో కొంటాం" అనేది చెంగప్ప మాట. నాకి చూడనిదే ఆ ఇంట్లోకి ఏదీ రాదు. సబ్బు నాకారు, లాంతరు నాకారు, చెప్పులు నాకారు. పోయినేడు సంతలో ఎద్దును కొనేముందు చెంగప్ప తమ్ముడు మునెన్న దాని చెవి నాకాడు. అది ఒక్క తన్ను తన్నింది. ఆయన పడినచోటు నుంచే "బలముందన్నా, తోలుకుపోదాం" అన్నాడు. కుసుమను చూసుకోడానికి వచ్చినప్పుడు కూడా ఆ పిల్ల చేసిన ఉప్మా ఎవరూ ముట్టలేదు. ఉప్మా ఈ పూటకే, గిన్నె ఎప్పటికీ ఉండేది అని గిన్నె రుచి చూసి సంబంధం ఖాయం చేశారు.

ఇంత తెలివైన ఇంట్లో పడ్డానే అని కుసుమ మురిసిపోయింది. ఒకటే వెలితి. కాపురానికొచ్చి మూడు నెలలైనా మొగుడు సిద్ధులు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

చెడ్డవాడు కాదు. పెళ్ళిపీటల మీద వాళ్ళమ్మ వాడి చెవిలో, "పెద్దోళ్ళ ముందర పెళ్ళాంతో మాట్లాడగూడదు నాయనా, మర్యాద కాదు" అంది. అంతే. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు లేని మూలేది? నాన్న అరుగు మీద, అమ్మ పొయ్యి దగ్గర, చిన్నాయన మంచం మీద. రాత్రయితే అందరూ ఒకే నడవలో వరసగా పడుకుంటారు. పెద్దవాళ్ళు నిద్రపోయినా పెద్దవాళ్ళే కదా అని సిద్ధులు అప్పుడు కూడా నోరు మూసుకునే ఉంటాడు. అప్పుడప్పుడు దగ్గుతాడు. కుసుమ ఆ దగ్గులను మనసులో దాచుకుంటుంది. మెత్తగా దగ్గితే తన మీద ప్రేమ అని, గట్టిగా దగ్గితే మరీ ప్రేమ అని.

పుట్టింట్లో ఒక క్యాలెండరు ఉండేది. దాని మీద తెల్లగా విరగబూసిన బేరిచెట్టు, కింద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఒక్కరు కూడా లేరు. ఆ బొమ్మ కుసుమ కళ్ళలో ఉండిపోయింది. దొడ్లో అలాంటి చెట్టొకటి ఉంటే, అది పూస్తే, దాని కింద తామిద్దరే కూర్చుంటే, అప్పుడైనా ఆయన నోటి నుంచి ఒక మాట రాలుతుందేమో అని ఆశ. ధైర్యం చేసి ఒకరోజు అన్నం దగ్గర అనేసింది.

"అత్తా, దొడ్లో బేరిచెట్టు వేసుకుందామా? పూసినప్పుడు దాని కింద కూర్చోవాలని ఉంది."

సిద్ధులు తాగుతున్న మంచినీళ్ళు పొలమారి చాలాసేపు దగ్గాడు. ఇంకేముంది, కుసుమకు ఆ వారమంతా పండగే.

అట్లా అందరూ నర్సరీకి వచ్చారు. నర్సరీ అబ్బన్న పాపం మంచివాడు. తలలు పోయిన మొక్కల్ని చూసి తన తల పట్టుకున్నాడు.

"పుల్ల నమిలితే పండు రుచి ఎట్లా తెలుస్తుంది మామా? నన్నడుగు, చెబుతా. ఇది రాయిబేరి. గట్టిగా ఉంటుంది, కూరకు బాగుంటుంది."

"రాళ్ళు మా చేలోనే శానా ఉన్నాయి."

"పోనీ, నీళ్ళబేరి. కొరికితే గడ్డం మీదుగా నీళ్ళు కారాల్సిందే."

"నీళ్ళకు బావి ఉంది గదప్పా. దానికి చెట్టెందుకు?"

"అయితే ఈ వెన్నబేరి తీసుకో. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది."

చెంగప్ప నవ్వి తమ్ముడి వైపు తిరిగాడు. "చూశావా మునెన్నా, మనల్ని అమాయకులనుకున్నాడు. నోట్లోనే కరిగిపోతే ఇంక తినేదేముంది?"

చెంగప్ప బుగ్గన బెల్లంముక్క పెట్టుకుని ఆఖరి మొక్క కొస కొరికి, అదే కొసను రెడ్డెమ్మకిచ్చాడు. తియ్యగుంది అంది రెడ్డెమ్మ. మునెన్నా తియ్యగుందన్నాడు. సిద్ధులు తలూపాడు. అందరూ చప్పరించాక కుసుమ దగ్గరికొచ్చేసరికి కొంచెం తీపే మిగిలింది గానీ, ఉందైతే ఉంది. అంతే, రకం తేలిపోయింది. అది వెన్నబేరే.

అబ్బన్న దండం పెట్టి చెప్పాడు. "నా మాట జాగ్రత్తగా వినండి. ఇంట్లో అందరి కళ్ళూ ఈ మొక్క మీదే ఉండాలి, లేదంటే మేకలు తినిపోతాయి. దాని నెత్తిన ఆకాశం తప్ప ఇంకేమీ ఉండగూడదు. చలి బాగా తగలాలి. ఇంకోటి, బేరి ఒక్కటే ఉంటే కాయదు. పూసే వేళకు పక్కనే వేరే రకం కూడా పూసి ఉండాలి, తేనెటీగ దీని మీద వాలి దాని మీద వాలాలి. ఆ వేరే రకాలన్నీ మీరు నమిలేశారు కాబట్టి వచ్చే ఏడు ఇస్తా. తొందరేం లేదులే, ఇది పూయడానికే నాలుగేళ్ళు పడుతుంది."

నాలుగేళ్ళు. కుసుమ మొహం వాడిపోయింది. నాలుగేళ్ళ పాటు ఒట్టి దగ్గులతో ఎట్లా బతకడం? సిద్ధులు ఆమె మొహం చూశాడు. ఈసారి దగ్గను కూడా దగ్గలేదు.

ఇంటికి రాగానే కుసుమ దొడ్లో వెనకమూల చూపించింది. అక్కడ గోడ చాటు ఉంది, నీరెండ ఉంది, ఇద్దరు కూర్చునేంత చోటుంది.

"అదేం కుదురుతుంది?" అన్నాడు చెంగప్ప. "అందరి కళ్ళూ దీని మీదే ఉండాలన్నాడు. నేను అరుగు దిగను, మీ అత్త పొయ్యి వదలదు, మునెన్న మంచం లేవడు. ముగ్గురికీ కనబడే చోటేది?"

లెక్క చూస్తే అది నడవ మధ్య. అంతే, నడవలో గచ్చు పగలగొట్టి గొయ్యి తీశారు. కుసుమ గుండెలో కూడా ఏదో పగిలింది. ఏ కళ్ళ చాటున చెట్టు ఉండాలనుకుందో, సరిగ్గా ఆ కళ్ళ మధ్యనే పాతుతున్నారు.

సిద్ధులు మొక్క పట్టుకుని ఎటువైపు కిందికి పెట్టాలో తోచక నిలబడ్డాడు. కొస ఎటూ అందరూ కలిసి కొరికేశారు. ఒకవైపు ఒట్టి పుల్ల, ఒకవైపు గోనెపట్టా మూట.

"అంత ఆలోచన దేనికిరా?" అన్నాడు చెంగప్ప. "తలపాగా కట్టుకుని వచ్చింది గదా. తలపాగా తలకు కడతారా, కాళ్ళకు కడతారా?"

ఇంకేముంది, పుల్లను గోతిలో దించి మన్ను కప్పారు. పైన తలపాగా ఠీవిగా నిలబడింది. రెడ్డెమ్మకు అది నచ్చలేదు. "పెద్దోళ్ళ ముందర తలపాగా ఏందిరా, తీసెయ్" అంది. తీశారు. మట్టి దులిపితే లోపల గుబురుగా ఎన్ని కొమ్మలో.

"ఇన్ని కొమ్మలు పెట్టుకుని అబ్బన్న ఎట్లా దాచాడో చూడు" అన్నాడు మునెన్న.

తరవాత ఆకాశం సంగతి గుర్తొచ్చింది. నెత్తిన పెంకులున్నాయి. అంతే, పొద్దుగూకే లోపల పెంకులన్నీ దించి దొడ్లో పేర్చారు. మర్నాడు వానొచ్చింది. అందరూ గొడుగులు వేసుకుని నడవలో కూర్చుని, చెట్టుకు అడ్డం రాకుండా గొడుగులు పక్కకు వంచి, తడుస్తూ అన్నం తిన్నారు. ఆ తరవాత చలి సంగతి గుర్తొచ్చింది. చలి లోపలికి రావాలంటే తలుపులు ఉండగూడదు కదా. తలుపులు ఊడదీశారు. తలుపులు లేకపోయేసరికి మేకలు వచ్చాయి. మేకలు వచ్చేసరికి మునెన్నను మంచం మీదనుంచి లేపి గుమ్మంలో తలుపుగా నిలబెట్టారు. ఎవరైనా వస్తే ఆయన కిర్రుమని పక్కకు తిరుగుతాడు, వెళ్ళిపోయాక కిర్రుమని మూసుకుంటాడు.

"తలుపు మాట్లాడొచ్చా వదినా?" అని ఆయన ఒకసారి అడిగాడు.

"గడియ పడ్డాక మాట్లాడగూడదు" అంది రెడ్డెమ్మ.

ఇట్లా నలభై రోజులు పోయాయి. ఒక పొద్దున కుసుమ కళ్ళు తెరిచేసరికి చెట్టు పూసి ఉంది.

తెల్లగా, అయిదేసి రేకులతో, ఎండలో మెరిసిపోతూ. క్యాలెండరు గోడ దిగి వాళ్ళింటికొచ్చినట్టుంది. చెంగప్ప ఊరంతా వినబడేలా, "నాలుగేళ్ళకు పూసేది నలభై రోజులకే పూసింది, చూసుకోండి మా తెలివి" అని అరుగు మీద నిలబడి చెప్పాడు. మధ్యాహ్నానికి పూలు వాడిపోయాయి. మర్నాటి పొద్దున మళ్ళీ కొత్తపూలు. ఆ మర్నాడూ అంతే.

కానీ ఏం లాభం? చెట్టు కింద ఒకపక్క అత్త బియ్యం ఏరుతుంది, ఒకపక్క మామ వక్కలు నములుతాడు. కుసుమ వంటింటి గడపలో నిలబడి ఆ పూల వైపు చూసేది. సిద్ధులు పశువులపాక దగ్గర నిలబడి ఆమె వైపు చూసేవాడు. ఇద్దరి మధ్యా బోలెడన్ని పూలు, ఒక్క మాట లేదు.

నాలుగోరోజు చెంగప్ప తొడ చరిచాడు. "అయ్యో, వేరే రకం మరిచిపోయాం గదరా. పక్కన వేరే రకం లేకపోతే కాయదన్నాడే."

"వచ్చే ఏడిస్తానన్నాడు గదా" అంది రెడ్డెమ్మ.

"వేరే రకం అన్నాడు గానీ, అది కూడా చెట్టే కావాలన్నాడా?"

ఆ మాటకు అందరూ నివ్వెరపోయారు. నిజమే, అనలేదు. అంతే, బర్రెను తోలుకొచ్చి చెట్టు పక్కన నిలబెట్టారు. వేరే రకమే గానీ అది ఎంతసేపటికీ పూయలేదు. పైగా మూడు పూలు తినేసింది. దాన్ని తోలేసి రోలు దొర్లించుకొచ్చారు. అదీ పూయలేదు. అప్పుడు రెడ్డెమ్మ కళ్ళు కోడలి జడ మీద పడ్డాయి. జడలో మూర మల్లెపూలు.

"ఇదిగో, మన కుసుమ పూసే ఉంది."

కుసుమను తెచ్చి చెట్టు పక్కన నిలబెట్టి, చేతులు చాచమన్నారు. చాచింది. చెట్టు కదలగూడదన్నారు. కదల్లేదు. ఇంక తేనెటీగ రావాలి. రెండొచ్చాయి. పూల చుట్టూ తిరిగి, ఏదో అనుమానం వచ్చినట్టు వెళ్ళిపోయాయి.

"పనిదొంగలు" అన్నాడు చెంగప్ప. "ఒరే సిద్ధులూ, ఊరికే నిలబడ్డావు గదా, నువ్వు తేనెటీగవి. దీని మీద వాలి దాని మీద వాలు. ఝుమ్మంటూ తిరుగు."

సిద్ధులు ఝుమ్మంటూ వచ్చాడు. చెట్టు మీది పువ్వును వేలితో తాకి, కుసుమ జడలో మల్లెను తాకాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. వాడి చేతికి తడిమన్ను వాసన. ఇన్ని నెలల్లో పట్టపగలు ఇంత దగ్గరికి రావడం ఇదే. కుసుమకు తల దించుకోవాలనిపించింది గానీ చెట్టు కాబట్టి ఓర్చుకుంది. ఎనిమిదోసారి వాడు ఝుమ్మనడం ఆపేసి, ఆమె ఎదురుగా నిలబడిపోయాడు. పెదవులు కదిలాయి.

"ఒరే, పెద్దోళ్ళ ముందర" అంటూ రెడ్డెమ్మ లేచింది.

చెంగప్ప చెయ్యెత్తి ఆపాడు. "ఆగవే. వాడిప్పుడు మొగుడా? తేనెటీగ. అదిప్పుడు పెళ్ళామా? చెట్టు. తేనెటీగ చెట్టుతో మాట్లాడగూడదని ఎవరన్నారు? మాట్లాడరా. కాకపోతే మాట చివర ఝుమ్మను, లేకపోతే మొగుడి మాటైపోతుంది."

"కుసుమా, ఝుమ్" అన్నాడు సిద్ధులు.

ఆ గొంతు ఎట్లా ఉంటుందా అని ఆమె ఎన్ని రకాలుగా ఊహించుకుందో. వాటన్నిటికంటే బాగుంది. ఆఁ అనాలనిపించింది, చెట్టు అనగూడదు. తలాడించింది. జడలో మల్లెలు ఊగాయి.

"గాలొస్తోంది" అన్నాడు మునెన్న గుమ్మంలోంచి.

"ఈ పూలు చెట్టువి కావు, ఝుమ్. పక్కింటి కంచె మీది నందివర్ధనాలు, ఝుమ్. రోజూ మీరు లేవకముందే నేనే దారంతో కడుతున్నా, ఝుమ్."

రెడ్డెమ్మ దగ్గరికి పోయి ఒక పువ్వు నాకి, "అవును, నందివర్ధనమే" అంది.

"ఎందుకు కట్టావురా?" అన్నాడు చెంగప్ప.

తేనెటీగ మనుషులకు జవాబు చెప్పగూడదు కాబట్టి సిద్ధులు కుసుమ వైపే తిరిగి చెప్పాడు. "నాలుగేళ్ళు అనగానే నీ మొహం వాడిపోయింది, ఝుమ్. ఇది పూస్తే దాని కింద కూర్చుంటానన్నావు గదా, ఝుమ్. చెట్టయితే నాలుగేళ్ళు ఆగుతుందేమో, నీ మొహం అట్లా ఉంటే నేను ఒక్క పూట ఆగలేను, ఝుమ్. బేరిపండు ఎట్లుంటుందో కూడా నాకు తెలీదు, ఝుమ్. నువ్వంటే నాకు ప్రాణం."

అందరూ ఎదురుచూశారు. రెడ్డెమ్మ ఎదురుచూసింది, చెంగప్ప ఎదురుచూశాడు, గుమ్మంలో తలుపు కూడా ఇటు తిరిగి ఎదురుచూసింది. సిద్ధులు కుసుమ కళ్ళలోకి చూస్తూ ఆ ఒక్క ముక్క మరిచేపోయాడు. ఇంకొక్క క్షణం ఆగితే అది మొగుడి మాటైపోతుంది, మర్యాద మంటగలుస్తుంది.

అప్పుడు కుసుమ, చాచిన చేతులు చాచినట్టే ఉంచి, చెట్టునన్న సంగతి కూడా మరిచిపోయి, మెల్లగా అంది.

"ఝుమ్."