మంత్రిగారి సగం మేత

ఆ ఏడు రాజుగారి మందలో ఒక్క ఆవూ ఎదకు రాలేదు, ఇక దూడల మాటెక్కడ. పొదుపంటూ తవుడు మానిపించి, గడ్డి సగం చేయించిన మంత్రి తిరువేంగళప్ప ఆ తప్పు కాపరి ఓబులేసు మీదికి నెట్టాడు.

"వీడు ఆబోతును సరిగా తోలడం లేదు ప్రభూ. కొరడా దెబ్బలు వేయించండి."

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "తమ చిత్తం మారాజా. సగం మేతతో ఏ లోటూ రాదని మంత్రిగారు నెల రోజులు సగం కూడు తిని చూపించాక కొట్టించండి."

ఆ మధ్యే మూడో పెళ్ళి చేసుకున్న మంత్రి మీసం దువ్వి ఒప్పుకున్నాడు.

నెల తిరిగింది. రాజు కొరడా తెప్పించేలోపే మంత్రిగారి కొత్త భార్య సభలోకి వచ్చి దణ్ణం పెట్టింది.

"మా ఆయన దీపం పెట్టగానే గోడవైపు తిరిగి పడుకుంటున్నారు ప్రభూ. ఆవుల సంగతి నాకు తెలీదు. మా ఇంటి ఆబోతుకి మాత్రం ఇవాళ్టి నుంచి మేత పూర్తిగా వేయించండి."