నాలుగు పడవల లెక్క

వీరవేణికి సంభావ్యత నేర్పింది పరాంకుశం మాస్టారు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాక, ఇంటి వసారాలోనే ల్యాప్‌టాప్ ముందేసుకుని, వచ్చినవాళ్లకి ఓపిగ్గా పాఠం చెప్పేవారు.

ఆ వానాకాలం ఆమెకు మొదటిసారి అసలు పని తగిలింది. గోదావరి పొంగితే లంక ఊరివాళ్లను దాటించడానికి రేవులో ఎన్ని పడవలు ఉంచాలో లెక్కగట్టి సాయంత్రంలోగా తహసీల్దారు ఆఫీసులో ఇవ్వాలి. ఆమె ఎన్నంటే అన్నే ఉంచుతారు. తక్కువ చెబితే మనుషులు నీళ్ల మధ్య ఉండిపోతారు.

ఆమె మాస్టారి వసారాలోనే కూర్చుని కంప్యూటర్ చేత ఇరవై వరదలను ఊహింపజేసి లెక్క చూసింది. నాలుగు పడవలు చాలని వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ రన్ చేసింది. నాలుగే. మధ్యాహ్నం దాకా అదే పని. ప్రతిసారీ నాలుగే వచ్చేసరికి ఆమె కాళ్లు నేల మీద ఆగలేదు.

"ఎన్నిసార్లు చూసినా నాలుగే మాస్టారూ! వెంట్రుకవాసి తేడా లేదు. ఇంక ఎవరడిగినా ధైర్యంగా చెప్పేస్తాను."

మాస్టారు తెర వైపు వంగారు. ప్రోగ్రాం మొదటి వరుసలో 'మొదలు అంకె: పదకొండు' అని ఉంది. పాఠాల రోజుల్లో గురువుకీ శిష్యురాలికీ ఒకే జవాబు రావాలని ఆయనే రాయించిన వరుస అది. అది ఉన్నంతకాలం కంప్యూటర్ అవే వరదలను మళ్లీ మళ్లీ పుట్టిస్తుంది. ఆమె దాన్ని తీయడం మరిచిపోయింది.

ఆయన ఆ మాట ఎత్తలేదు. ఆఫీసు దాకా తోడు వస్తానని పొద్దున్నే మాటిచ్చారు గనుక చెప్పులు వేసుకున్నారు.

"రంగనాయకీ, వాన వస్తుందంటావా?" అని వంటింట్లోకి కేకేశారు.

"రాదండీ," అంది భార్య.

కాసేపాగి మళ్లీ అదే అడిగారు.

"రాదన్నానుగా!"

మళ్లీ అడిగారు. ఈసారి ఆవిడ గరిటెతో సహా గుమ్మంలోకొచ్చింది. "చెవుడు గానీ వచ్చిందా మీకు? రాదు, రాదు, రాదు!"

మాస్టారు తృప్తిగా తలూపారు. "ఇంతమందిని అడిగాను. వస్తుందని ఒక్కరూ అనలేదు. గొడుగు అక్కర్లేదమ్మా, పద."

వీరవేణికి నవ్వాగలేదు. "ఇంతమందేంటి మాస్టారూ! ఎన్నిసార్లడిగినా చెప్పింది అమ్మగారొక్కరే కదా..."

మాట సగంలో ఆగిపోయింది. ఆమె ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచి మొదటి వరుస చూసింది. పదకొండు అక్కడే ఉంది.

ఆ వరుస తీసేసి రన్ చేసింది. ఆరు. మళ్లీ చేసింది. మూడు. చాలాసేపు చేస్తూనే ఉంది. ఎక్కువసార్లు అయిదో ఆరో వస్తున్నాయి. ఒక్కసారి మాత్రం తొమ్మిది వచ్చింది.

నాలుగని రాసిన కాగితం అప్పటికే సంచిలో ఉంది. దాన్ని బయటికి తీసింది. ఇంకో గంటయితే ఇచ్చేసి వచ్చేది.

"ఇప్పుడేమని రాయను మాస్టారూ?"

ఆయన మేకుకు వేలాడుతున్న గొడుగు తీసి చంకలో పెట్టుకున్నారు.

"వాన రాదనే నేనూ అనుకుంటున్నానమ్మా," అన్నారు.

వీరవేణి నాలుగు కొట్టేసి తొమ్మిది వేసింది.