మాడిన కషాయం

ఆ ఏడు విషజ్వరం ఊళ్లకు ఊళ్లనే ఊడ్చుకుపోతోంది. ఏ మందు వాడాలో సలహా చెప్పడానికి వైద్యుల సభ ఒకటి పెట్టాలని నవాబు తలచాడు. సభ్యులను ఎంచే పని మస్తాన్ వలీ మీద పడింది.

కొలువులో ఎంత పెద్దవాడైనా, మస్తాన్ వలీ ఒకప్పుడు హకీం దస్తగిరి సాహెబు దగ్గర మందులు నూరినవాడే. నేరుగా గురువు ఇంటికి వచ్చాడు.

"హజ్రత్, సభకు పెద్దగా మీరే ఉండాలి."

"తక్కినవాళ్లు?"

"అందరూ మీ శిష్యులే. మీ మాట జవదాటరు."

"ఓబులేసు ఉన్నాడా?"

మస్తాన్ ముఖం ముడుచుకున్నాడు. "మాతోపాటే మీ దగ్గర నేర్చుకున్నాడు, విద్య ఉంది గానీ వినయం లేదు హజ్రత్. అందరి ముందూ ఒక జబ్బు బిడ్డకు మీరు కలిపిన మందు తప్పన్నాడు. మేమంతా మాట్లాడటం మానేస్తేగానీ ఇక్కడినుంచి వెళ్లిపోలేదు."

గురువు లేచి, పొయ్యి మీది కషాయం గిన్నెలో పోసి తెచ్చాడు.

"ఎండన పడి వచ్చావు. తాగు."

కషాయం అడుగంటి మాడిపోయింది. అయినా మస్తాన్ ఊపిరి బిగబట్టి మొత్తం తాగేశాడు. గురువు విషమిచ్చినా ప్రసాదమనుకునే రకం మరి.

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది హజ్రత్."

ముసలాయన ఖాళీ గిన్నె వంక చూస్తూ ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోయిన చలికాలం జ్వరం వచ్చింది కదా బేటా, అప్పటినుంచి నాకు వాసన లేదు, రుచీ లేదు. మాడిందేమోనని అనుమానం. తెలుసుకుందామనే నిన్ను అడిగాను."

మస్తాన్ గిన్నె కింద పెట్టి తల వంచుకున్నాడు.

"ఓబులేసు తప్పన్న మందును ఆనాడు నేను పారబోశాను. ఆ బిడ్డ బతికింది. మీకు వాడి మాటే గుర్తుండిపోయింది. ఇవాళ మాడింది నువ్వు మింగావు. రేపు మింగేది జ్వరంతో పడున్న పసివాళ్లు. సభలో నా పేరు తీసేసి వాడి పేరు రాయి."

మస్తాన్ ఆయన పాదాల మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ పేరు తీసేయడమంటే, బతికున్న గురువును సమాధిలో పెట్టి తన చేత్తో మట్టి ఇచ్చినట్టే ఉంది అతనికి.

ఆయన శిష్యుడి వీపు నిమిరాడు.

"లేరా. పొద్దుండగానే ఓబులేసు ఊరు చేరాలి."