పూలతోటలో పులుల సాగు

వేటపిచ్చి రాజుగారికి తన అడవిలో రెండే పులులున్నాయని నామోషీ పుట్టింది. "ఏడాదిలో ఇరవై చెయ్యి. లేదా తల తీయిస్తా!" అని అడవి కావలి బయ్యన్నను ఆజ్ఞాపించాడు.

బయ్యన్న మర్నాడే నాగలి తెచ్చి రాజుగారి పూలతోట దున్నసాగాడు.

రాజు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావురా?"

"పులుల కోసం గడ్డి వేస్తున్నాను ప్రభూ!"

"పులి గడ్డి తింటుందా?"

"జింక తింటుంది ప్రభూ. ఆ తిన్నదంతా గెంతడానికే ఖర్చయి, ఒంటికి పట్టేది పిసరంత. పులికి దక్కేది ఆ పిసరే. అందుకే ఒక్క పులికి జింకల మంద కావాలి, మందకు బయళ్ళకు బయళ్ళు మేత కావాలి. అడవిలో గడ్డి రెండు పులులకే సరి. ఈ తోట మూడోదానికైనా చాలదు. రేపు కోటలోపల దున్నుతాను, ఎల్లుండి మీ పడకగది..."

రాజుకు నవ్వాగలేదు. "నాగలి విప్పరా, రెండు చాలు!" అన్నాడు.

ఆ ఏడు ఆయన వేటకూ వెళ్ళలేదు.