మంగాయమ్మకు మోగని కుండలు

ఇటు తిరిగి పడుకో. ఆ కాలు నా మీద వెయ్యకే తల్లీ, బరువు! ఊఁ కొడతావా మరి? కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తాను, తర్వాత ఏడ్చి లాభం లేదు.

అనగనగా ఏటి గట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో కుండలు చేసే ఇల్లు ఒకటి. ఆ ఇంటి పెద్దకోడలు మంగాయమ్మ, చిన్నకోడలు నూకరత్నం. మొగుళ్ళిద్దరూ సారె తిప్పి కుండలు చేసేవాళ్ళు, బట్టీ మాదిరి ఆము పేర్చి కాల్చేవాళ్ళు.

కాలిన ప్రతి కుండనీ మంగాయమ్మ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమందా, మంచి కుండ. బొంగురుగా పలికిందా, లోపలెక్కడో కంటికి కనబడని నెర్రె ఉన్నట్టు. దాన్ని పెరట్లో పడేసేది. మంగాయమ్మ కొట్టి ఇచ్చిన కుండంటే ఊళ్ళో అంత నమ్మకం.

ఇక పెళ్ళిళ్ళొస్తే చూడాలి! పెళ్ళివారు మేళం పెట్టుకుని కుండల కోసం ఇంటికొచ్చేవాళ్ళు. ఆవిడ ఒక్కో కుండా కొట్టి ఇస్తుంటే అందరూ నోళ్ళు మూసుకుని వినేవాళ్ళు. ఆఖర్న బొట్టు పెట్టి చీర పెట్టేవాళ్ళు. ఆ చీర కట్టుకుని ఆవిడ వీధంతా ఓసారి తిరిగొచ్చేది. ఆ మాత్రం గొప్ప ఉండదూ!

అప్పుడేమైందీ, ఒక ఏడు ఆవిడకి కుండలు మోగడం మానేశాయి. ఏది కొట్టినా బొంగురే. "మట్టి పాడైంది" అని మొగుడు అప్పలస్వామి మీద కేకలేసింది. పాపం ఆయన ఏటి అవతల నుంచి వేరే మట్టి తోలించాడు. అయినా మోగలేదు. "మీకు కాల్చడం చేతకావట్లేదు" అంది. కట్టెలు మార్చారు, ఆము కొత్తగా పేర్చారు. ఊఁహూఁ. నిక్షేపంలాంటి కుండలు పెరట్లో గుట్ట పడ్డాయి.

నీకు తెలిసిపోయింది కదూ? ఆ నవ్వు చూస్తేనే తెలుస్తోంది. పాడైంది మట్టీ కాదు, ఆమూ కాదు, మంగాయమ్మ చెవులు. కానీ ఆ మాట ఆవిడతో అనేదెవరు? అప్పలస్వామి ధైర్యం చేసి దగ్గరికెళ్ళి, "పట్నంలో చెవుల డాక్టరమ్మ ఉందటే, ఓసారి వెళ్దామా" అని గట్టిగా అన్నాడు. "నన్ను చెవిటిదాన్ని చేస్తారా? నా చెవుల మీదే ఈ ఇల్లు నడిచింది!" అని కంచం ముందు నుంచి లేచిపోయింది మహాతల్లి.

ఆ తర్వాత నూకరత్నం పెరట్లోకెళ్ళి ఆ గుట్టలోంచి ఒక కుండ తీసి కొట్టింది. ఖంగుమంది. ఇంకోటి కొట్టింది. అదీ ఖంగుమంది. మంచివన్నీ ఏరి మళ్ళీ అరుగు మీద పేర్చింది. అప్పట్నించి కొనేవాళ్ళు, "రత్నం, నువ్వోసారి కొట్టి చూడమ్మా" అనడం మొదలెట్టారు.

ఇంకేముంది! మంగాయమ్మ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. రత్నం చెవి దగ్గర కుండ పెట్టుకుంటే చాలు, ఈవిడకి కడుపులో మంట. తనకి వినబడనిది దానికి వినబడుతోంది, అదీ అసలు కుళ్ళు. ముందు మాటలు మానేసింది. ఆపైన దాని వంటకి వంకలు పెట్టింది. ఆ తర్వాత మరీ ముదిరింది. రత్నం ఎవరితో నోరు కదిపినా, "నా గురించే చెబుతోంది, నన్ను చూసే నవ్వుతున్నారు" అనుకునేది. వినబడకపోతే అంతేనే, వినబడని మాటలన్నీ మన మీదే అనిపిస్తాయి.

ఊఁ ఏదీ? ఆఁ, అదీ.

అలా ఉండగా ఆ ఊరి పెద్దావిడ సుభద్రమ్మగారి మనవరాలి పెళ్ళొచ్చింది. ఈసారి కుండలు రత్నం చేత ఇప్పిస్తారేమో, ఆ చీర దానికి పెట్టేస్తారేమో అని మంగాయమ్మకి కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే తనే వెళ్ళి అరుగు మీద కూర్చుంది. పెళ్ళివారొచ్చారు. కుండ కొట్టడం, వినబడినట్టు తల ఊపడం, ఇచ్చెయ్యడం. అలాగే కానిచ్చింది.

రత్నం ముందే కొట్టి చూసి, నెర్రె ఉందని ఒక కుండ పక్కన పెట్టింది. మంగాయమ్మ కావాలని దాన్నే తీసింది. దీని చెవి కన్నా నా చెవే గొప్పని ఊరంతా చూడాలని! "అక్కా, అది వద్దు" అని రత్నం చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టి, పెళ్ళికూతురి తల్లి చేతికిచ్చింది.

వాకిట్లో ఆ కుండలో నీళ్ళు పోశారు. అంతే, నెర్రె విచ్చి రెండు ముక్కలైంది. నీళ్ళన్నీ ఆవిడ పట్టుచీర మీద! మేళం ఆగిపోయింది. పెళ్ళికుండ పగిలితే ఊరుకుంటారా, పెళ్ళివారి మొహాలు మాడిపోయాయి.

అప్పుడు రత్నం ముందుకొచ్చి చేతులు జోడించి, "తప్పు నాదేనమ్మా, ఆ కుండ చూసి పెట్టింది నేనే" అంది.

మంగాయమ్మకి ఆ మాట వినబడలేదు. పెదాలు కదలడం కనబడింది, అంతే. ఊగిపోయింది. "చెప్పవే, చెప్పు! నామీద చాడీలు చెప్పడానికి ఇవాళే దొరికిందా? అవును, నేనే ఇచ్చాను! నువ్వొద్దన్నా ఇచ్చాను! ఆ చీర కోసమేగా నీ ఏడుపంతా!"

 సుభద్రమ్మగారు దగ్గరికొచ్చి, మంగాయమ్మ గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని, "ఆ పిల్ల తప్పు తన నెత్తిన వేసుకుంటోందే! నీకు వినబడలేదా?" అని నెమ్మదిగా, గట్టిగా అడిగింది.

మంగాయమ్మ అక్కడే చతికిలబడింది. "వినబడలేదండీ. చాన్నాళ్ళయింది వినబడక" అంది. అప్పుడు రత్నం వైపు చూసి, "నీకు వినబడుతోందని నిన్ను చూసి కుళ్ళి చచ్చానే" అని భోరుమంది.

రత్నం వేరే కుండ కొట్టి ఇచ్చింది. పెళ్ళి శుభ్రంగా జరిగింది. ఆ తర్వాత తోటికోడళ్ళిద్దరూ బస్సెక్కి పట్నం వెళ్ళారు.

డాక్టరమ్మ ముందు లైటు వేసి చెవుల్లోకి చూసింది. ఆపైన తలుపులు బిగించిన గదిలో కూర్చోబెట్టి, "చప్పుడు వినబడితే ఈ బొత్తాం నొక్కండి" అంది. మంగాయమ్మ వినబడకపోయినా నొక్కేస్తోంది! "ఇది పందెం కాదమ్మా, నిజం చెబితేనే నేను సాయం చెయ్యగలను" అని మళ్ళీ మొదటి నుంచి చేయించింది. ఆ తర్వాత, "వయసుతో వచ్చింది, మందులకి తగ్గేది కాదు. చెవికి మిషను పెట్టుకుంటే చాలావరకు వినబడుతుంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?" అని అడిగింది.

"మా తోటికోడలి మీద ఏడవడంతోనే సరిపోయిందండీ, తీరిక లేదు" అంటూనే మంగాయమ్మ మిషను పెట్టించుకుంది. రత్నం కిసుక్కున నవ్వింది. మిషను పెట్టాక ఆవిడ విన్న మొదటి చప్పుడు అదే.

బస్సు హారనుకి మాత్రం ఠారెత్తి, మిషను తీసి కిటికీలోంచి విసిరేయబోయింది. "రోజూ కాసేపు కాసేపు పెట్టుకోమన్నారు కదా అక్కా" అని రత్నం ఆపింది. అలా అలా అలవాటైంది.

మళ్ళీ ఆము దించారు. మంగాయమ్మ కుండ తీసి కొట్టింది. ఖంగుమంది! ఇదివరకటిలా కాదు, కాస్త పీలగా. అయినా మోగింది. ఇంకోటి మోగింది. మూడోది ఏమిటో తేల్చుకోలేకపోయింది. మళ్ళీ కొట్టింది. ఉహుఁ. పక్కన రత్నం ఉంది, దానికి ఇట్టే తెలిసిపోతుంది. మళ్ళీ కడుపులో ఆ మంట లేచింది. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, లేచింది.

 అయినా ఆ కుండని రత్నం చేతిలో పెట్టి, "నాకు తెలియట్లేదు, నువ్వు కొట్టవే" అంది.

రత్నం ఆ కుండని తన చెవి దగ్గర పెట్టుకోలేదు. అక్క చెవి దగ్గర పెట్టి, అక్కకి తెలిసేదాకా కొట్టింది.

కథ చేరె కంచికి,
కుండ చేరె ఇంటికి,
దుప్పటి లాగు మెడ దాకా,
నిద్ర రానీ కంటికి.