ఉడుత కనిపెట్టిన ఈకబంతి

అనగనగా ఒక అడవి. పొద్దెక్కినా అక్కడ పొగమంచు లేవదు, బద్ధకంగా పొదల మీదే పడుకుంటుంది. ఆ అడవిలో చిట్టితోక అనే ఉడుత ఉండేది.

ఒకనాడు దాని ముందు ఒక కొంగ ఈక తేలుతూ తేలుతూ వచ్చి వాలింది. ఉడుత ఊరుకుంటుందా! ఇంకొన్ని ఈకలు ఏరి కుంకుడుకాయకు గుచ్చింది. అడ్డాకులు మందంగా కుట్టి పుల్లలకు కట్టి, రెండు బ్యాట్లు చేసింది. తన నేస్తం కుందేలును పిలిచి, మధ్యన ఒక తీగ కట్టి, ఈకబంతిని కొట్టింది. అది మంచులోకి లేచి, కాసేపు అక్కడే ఆలోచించుకుని, మెల్లగా దిగింది. ఇద్దరికీ ఒళ్లు పులకరించింది.

ఆట సంగతి అడవంతా పాకింది. ముందు నెమలి వచ్చింది.

"అక్కా, నేనూ ఆడతాను."

"నీ తోకకే చోటు చాలదు, పో!"

తర్వాత తాబేలు వచ్చింది.

"నువ్వు బంతిని అందుకునేసరికి పొద్దుగూకుతుంది తాతా!" అని నవ్వింది చిట్టితోక.

చివరికి మడుగులో దిగిన వలసబాతు వచ్చింది. "మా మంచుదేశంలో పిల్లలకు నేర్పుతానమ్మా, ఒక్క ఈకబంతి ఇవ్వవూ?"

"ఆశ, దోశ, అప్పడం! నా ఆట ఎత్తుకుపోయి మీదని చెప్పుకుందామనా?"

కుందేలుకు ఒళ్లు మండింది. "ఆట నీదేగా? అయితే నువ్వే ఆడుకో!" అని బ్యాటు పడేసి వెళ్లిపోయింది.

మర్నాడు చిట్టితోక ఒక్కతే బంతిని కొట్టింది. అది తీగ దాటి, తేలుతూ పోయి, నేల మీద పడింది. పరుగెత్తి తెచ్చి మళ్లీ కొట్టింది. మళ్లీ పడింది. మూడోసారి తేవడానికి కాళ్లు కదల్లేదు. అవతల మంచు తప్ప ఎవరూ లేరు. "తిప్పికొట్టేవాళ్లు లేకపోతే ఇదేం ఆట? ఈకలు గుచ్చిన కుంకుడుకాయ!" అని ఏడ్చేసింది.

అప్పుడే బాతులు తిరుగు ప్రయాణం కట్టాయి.

"బాతక్కా, ఆగు! ఇదిగో ఈకబంతి, తీసుకుపో. నా పేరు చెబుతావు కదూ?"

"చెబుతాను తల్లీ. గుర్తుంచుకోవడం వాళ్లిష్టం."

ఆ మాట చిట్టితోకకు నచ్చలేదు. అయినా ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ సాయంత్రమే వెళ్లి కుందేలునూ, నెమలినీ, తాబేలు తాతనూ బతిమాలి తెచ్చుకుంది.

శీతాకాలాలు వచ్చాయి, పోయాయి. చిట్టితోక మీసాలు నెరిశాయి. ఒక పొద్దున మంచులోంచి ఒక కుర్రబాతు దిగింది. దాని ముక్కున సన్నని నారతో అల్లిన బ్యాటు ఉంది.

"అవ్వా, ఇది మా మంచుదేశపు ఆట. మా దగ్గర ఎలుగుబంట్లు ఆడతాయి, దీవుల్లో కోతులు ఆడతాయి. నీకూ నేర్పనా?"

పక్కనే కూర్చున్న కుందేలు కస్సుమని లేవబోయింది. చిట్టితోక దాని చెయ్యి పట్టి ఆపింది. ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. మరుక్షణం నవ్వొచ్చింది.

"నేర్పు నాన్నా," అంటూ తన పాత ఆకుబ్యాటుతో బంతిని కొట్టింది. అది మంచులో కలిసిపోయింది. చిట్టితోక ఊపిరి బిగబట్టి చూసింది.

బంతి తిరిగి వచ్చింది.

నీతి: ఆటను కనిపెట్టడానికి ఒకరు చాలు, ఆడటానికి అవతల ఇంకొకరు ఉండాలి. పంచుకున్నదే బతుకుతుంది.